ఒత్తిగిలితే ఇల్లు గిర్రున తిరుగుతోందా?

శ్రోతలకు నమస్కారం.

చేతికందేలా పేపరుంటే ఒక్కసారి తీసుకోండి. తల కదపకుండా పేపరును అటూ ఇటూ గబగబా ఊపండి. అక్షరాలు అలుక్కుపోతాయి. ఇప్పుడు పేపరు కదపకుండా తలను అంతే వేగంగా ఊపండి. చదవగలుగుతున్నారు కదూ? తల కుడికి తిరిగేసరికి కళ్ళు అంతే ఎడమకు జరుగుతున్నాయి. తల కదిలిందన్న కబురు కళ్ళకు అందించేది లోపలి చెవి. వినడమే కాదు, మనల్ని నిలబెట్టే పని కూడా దానిదే.

ఒక్కో చెవిలో మూడు అర్ధవృత్తాకారపు నాళాలు, వాటిలో ద్రవం. తల తిరిగితే నాళం తిరుగుతుంది, ద్రవం కాస్త వెనకబడుతుంది. ఆ తేడాను సన్నని రోమాలున్న కణాలు పసిగట్టి మెదడుకు చెబుతాయి. పక్కనే రెండు చిన్న సంచులు. వాటిలో జిగురు పొర మీద కాల్షియం కార్బొనేట్ రేణువులు. లిఫ్టు లేచిందని, బస్సు కదిలిందని కళ్ళు మూసుకున్నా తెలిసేది ఆ రేణువుల బరువు వల్లే.

అవి చోటు తప్పితే? మా పిన్ని సంగతి చెబుతాను. పిన్నిది సత్యనారాయణపురం. ఒకరోజు తెల్లవారుజామున కుడివైపు ఒత్తిగిలింది. ఫ్యాను, గోడలు, బీరువా అన్నీ గిర్రున తిరిగాయట. మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. అర నిమిషంలో సర్దుకుంది. అటక మీది జాడీ కోసం తలెత్తితే మళ్ళీ అదే. "పైత్యం చేసిందిరా" అంది. ఎదురింటావిడ బీపీ అంది. చూపిస్తే బీపీ బాగానే ఉంది. ఏవో మాత్రలు మింగుతూ, పడుకోవాలంటేనే భయపడి కుర్చీలో కునుకు తీసేది.

చివరికి చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాం. ఆయన పిన్నిని బల్ల మీద కూర్చోబెట్టి, తల కుడికి తిప్పి, ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టారు. తల బల్ల అంచు దాటి కొద్దిగా వాలింది. ఆయన చూసింది చెవిలోకి కాదు, కళ్ళలోకి. నేనూ చూశాను. నల్లగుడ్లు వాటంతటవే కొట్టుకుంటూ మెలితిరుగుతున్నాయి. కాసేపటికి ఆగాయి. "రేణువులు వెనక నాళంలో పడ్డాయమ్మా" అన్నారు. మెల్లగా తల ఎడమకు తిప్పారు, ఆగారు. ఒళ్ళంతా ఎడమకు తిప్పి ముఖం నేలవైపు పెట్టించారు, ఆగారు. లేపి కూర్చోబెట్టారు. అంతే. రేణువులు వాటి బరువుకు అవే జారి సంచిలోకి చేరతాయి. అమెరికా డాక్టరు జాన్ ఎప్లీ 1992లో ప్రచురించిన పద్ధతి ఇది. కత్తి లేదు, సూది లేదు. వైద్యంలో ఇంత ముచ్చటైన పని నేను ఇంకోటి చూడలేదు.

అందుకే, డాక్టరు దగ్గర "కళ్ళు తిరుగుతున్నాయండీ" అని ఊరుకోకండి. ఎప్పుడు, ఎంతసేపు, ఎటు తిరిగితే, ఈ మూడూ చెప్పండి. ఎప్పుడు, ఎంతసేపు, ఎటు తిరిగితే. ఒత్తిగిలినప్పుడు వచ్చి నిమిషంలోపే తగ్గుతోందంటే అది డాక్టరుకు పెద్ద ఆధారం. మెడనొప్పి ఉన్నవాళ్ళు ఈ తల తిప్పే పద్ధతిని ఇంట్లో సొంతంగా చేసుకోకండి.

కళ్ళు తిరగడంతోపాటు మాట తడబడినా, మూతి వంకరపోయినా, కాలో చెయ్యో పట్టు తప్పినా, ఒకటి రెండుగా కనిపించినా అది చెవి సంగతి కాకపోవచ్చు. తగ్గుతుందిలే అని చూడొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.