మధుపర్కాలు, ముఖాలు, మీటరు

అందరికీ నమస్కారం. ఇక్కడున్న చాలామంది ఫిల్ము మీద పోర్ట్రెయిట్లు తీస్తున్నవాళ్లే కాబట్టి నేరుగా కొడాక్ పోర్ట్రా 400 అనే కలర్ నెగటివ్ ఫిల్ము దగ్గరికి వచ్చేస్తాను. "400 ఫిల్ముని 200 మీద పెట్టి తియ్యి" అని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అంటే వెలుతురు కొలిచే మీటరులో ఫిల్ము స్పీడు 400కి బదులు 200 అని పెట్టి, ఒక స్టాపు ఎక్కువ, అంటే రెట్టింపు వెలుతురు ఇవ్వమని. సలహా మంచిదే. కానీ మీటరు దేని మీద పట్టారో తేలకుండా ఆ 200కి అర్థం లేదు.

పెళ్లిలో మధుపర్కాలు కట్టుకున్న జంటనే చూడండి. ఫ్రేము నిండా తెల్లబట్ట. కెమెరాలోని మీటరుకి బట్టేదో ముఖమేదో తెలియదు. కనబడిందల్లా మధ్యరకం బూడిదరంగే అనుకుని, ఎఫ్/8 అపెర్చర్ దగ్గర 1/500 సెకను చాలంటుంది. ముఖాలకు కావలసింది 1/125. అంటే రెండు స్టాపులు తక్కువ. 200 మీద పెట్టినా ఇంకో స్టాపు బాకీయే!

నెగటివ్‌లో వెలుతురు చాలని చోట రంగు సరిగా ఏర్పడదు. స్కాన్‌లో ఎంత లాగినా వచ్చేది గ్రెయిన్ (గరుకు చుక్కలు), మురికి నీడలు. చామనఛాయ ముఖాలకు ఈ దెబ్బ ముందు తగులుతుంది. వెలుతురు ఎక్కువైతే మాత్రం పోర్ట్రా రెండు మూడు స్టాపులు ఓర్చుకుంటుంది. నేరుగా పాజిటివ్ బొమ్మ వచ్చే స్లయిడ్ ఫిల్ముతో ఈ ధైర్యం చేయకండి, అక్కడ తెల్లబడిపోయింది తిరిగి రాదు.

చేతి మీటరుంటే గడ్డం కింద పెట్టి, తెల్ల బుడగను కెమెరా వైపు తిప్పండి. లేకపోతే మీ అరచేతిని అదే వెలుతురులో పెట్టి కొలిచి, ఒక స్టాపు పెంచండి. ఒంటి రంగు ఏదైనా అరచేతుల్లో తేడా తక్కువే. వెలుతురు ముఖానికి ఒక పక్కే పడుతుంటే నేను నీడ పక్క కొలుస్తాను, అప్పుడు మీటరు 400 మీదే ఉంచుతాను. దానికి 200 కూడా కలిపితే రంగులు పాలిపోవచ్చు. ఆ లేత రంగులే కొందరికి ఇష్టం. కానీ పట్టుచీర ఎరుపు వెలిసిపోతే పెళ్లికూతురి అమ్మగారు ఊరుకోరు.

రాత్రి ముహూర్తమైతే పసుపు బల్బులతో మరో తలనొప్పి. ఇది పగటి వెలుతురు ఫిల్ము. బల్బు కాంతిలో నీలం తక్కువ కాబట్టి నీలాన్ని పట్టే పొర ఆకలితో ఉంటుంది. నీలి 80ఎ ఫిల్టర్ సరిచేస్తుంది గానీ రెండు స్టాపులు మింగేస్తుంది. నేనైతే పోర్ట్రా 800 వేసి, ఒక స్టాపు ఎక్కువిచ్చి, మిగతాది స్కాన్‌లో చూసుకుంటాను.

ఇంకొకటి. 200 మీద తీశామని ల్యాబులో పుల్ చేయించకండి, అంటే డెవలప్ చేసే టైము తగ్గించమనకండి. కలర్ నెగటివ్‌లు కడిగే మామూలు సి-41 పద్ధతి చాలు: డెవలపర్ 37.8 డిగ్రీల దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు. టైము తగ్గిస్తే కాంట్రాస్ట్ పడిపోతుంది.

సరే, మీటర్లు బయటికి తీయండి. ఎవరైనా ఒకరు ఆ కిటికీ పక్కన కూర్చుంటే కొలిచి చూద్దాం.