మావాడు 'స్'కి గింజ వెయ్యట్లేదు: ఇంప్లాంట్ మార్చిన కథ

హాయ్ అండీ, ఈరోజు రివిజన్ సర్జరీ గురించి, అంటే పాత ఇంప్లాంట్ తీసి కొత్తది పెట్టడం. కాక్లియర్ ఇంప్లాంట్ అంటే వినబడనివాళ్ళకి ఆపరేషన్ చేసి పెట్టే వినికిడి పరికరం. దాంట్లో చెవి మీద పెట్టుకునే ప్రాసెసర్ (శబ్దాన్ని పట్టి లోపలికి పంపేది) పాడైతే ఇంకోటి తెచ్చుకుంటాం, అది డబ్బు గొడవే. చర్మం కింద ఉండేదానికి ఏమన్నా అయితేనే మళ్ళీ ఆపరేషన్.

మావాడికి రెండేళ్ళప్పుడు పెట్టించాం, ఇప్పుడు ఆరు. రోజూ పొద్దున టిఫిన్ దగ్గర లింగ్ టెస్ట్ చేస్తా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ, ఊ, ఈ, ష్, స్, మ్ అంటా, వినబడితే వాడు ఒక శనగగింజ గిన్నెలో వెయ్యాలి. ఒకరోజు 'స్' అన్నా, గింజ చేతిలోనే పట్టుకుని నా మొహం చూస్తున్నాడు. మర్నాడూ అంతే. మా అత్తయ్యేమో "మారాం చేస్తున్నాడు లేమ్మా" అంది, నేనూ సరే అనుకుని పది రోజులు ఊరుకున్నా, బుద్ధి లేక. ఆ తర్వాత 'ష్' కూడా పోయింది, ప్రాసెసర్ పెట్టగానే పీకి పడేస్తున్నాడు.

కాయిల్ (తలకి అతుక్కునే గుండ్రటి ముక్క) మార్చాం, కేబుల్ మార్చాం, ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణులు) వేరే ప్రాసెసర్ పెట్టి చూశారు, ఊహూ. ఇంపీడెన్స్ (కరెంటుకి ఎంత అడ్డు ఉందో) చూస్తే కొన్ని ఎలక్ట్రోడ్లు (లోపలి తీగ మీద కరెంటు ఇచ్చే చుక్కలు) ఓపెన్, అంటే కరెంటు వెళ్ళట్లేదు అని వచ్చాయి, నెల తిరిగేసరికి సగం పోయాయి. మాది కనీసం కంప్యూటర్లో కనబడింది, కొంతమందికి టెస్టులన్నీ నార్మలే, పిల్లాడు మాత్రం వెనక్కి పోతుంటాడు, దాన్ని సాఫ్ట్ ఫెయిల్యూర్ అంటారు, అమ్మానాన్నల మాట ఎవరూ నమ్మరు, అది ఇంకా నరకం.

పెద్ద కంపెనీలకీ ఇది తప్పలేదు. 2011 సెప్టెంబర్‌లో కాక్లియర్ అనే కంపెనీ వాళ్ళే సీఐ500 సిరీస్‌లో ఇంకా ఎవరికీ పెట్టని ఇంప్లాంట్లు వెనక్కి తెప్పించుకున్నారు, లోపలికి తేమ చేరుతోందని తర్వాత తేలింది.

మాకూ మార్చాల్సిందే అన్నారు, నా భయమంతా చెవి లోపలి పాత తీగ లాగితే ఏమవుతుందోనని. సర్జన్ గారు ప్రిస్క్రిప్షన్ వెనకాల బొమ్మ గీశారు, తీగ చుట్టూ గొట్టంలా పొర కట్టేసి ఉంటుందట, అందుకని పైన కట్ చేసి లోపలి ముక్క అలాగే ఉంచుతారు, కొత్తది చేతిలో రెడీగా పట్టుకున్నాకే పాతది తీసి వెంటనే అదే దారిలో తోస్తారు, ఆలస్యమైతే దారి మూసుకుపోవచ్చు.

ఆపరేషన్ అయ్యాక మ్యాపింగ్ (పిల్లాడికి తగ్గట్టు శబ్దం సెట్ చెయ్యడం) మాత్రం మళ్ళీ మొదట్నుంచే. కానీ వాడికి వినడం అలవాటైన బుర్ర కదా, మొదటిసారి ఏడాది పట్టింది ఈసారి వారాల్లోనే లైన్లో పడ్డాడు.

లోపలి భాగం వారంటీలో ఉంది కాబట్టి డివైజ్ ఫ్రీగా ఇచ్చారు, ఆపరేషన్, స్కాన్, మత్తు ఖర్చులు మావే. ఇంప్లాంట్ కార్డు మీద సీరియల్ నంబర్ ఉంటుంది, ఇప్పుడే ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి, మేం బీరువా మొత్తం కింద పోసి వెతికాం.