మా అవ్వకి చదివిన 13వ కీర్తన

అందరికీ ప్రభువు పేరట వందనాలు. బైబిల్లో 13వ కీర్తన మొత్తం 6 వచనాలే, కానీ మా అవ్వని తల్చుకోకుండా నేను దాన్ని చదవలేను.

మాది అనంతపురం దగ్గర పల్లె. వరసగా రెండేండ్లు చెనిక్కాయ చేను ఎండిపాయ, బోరు ఏస్తే దుమ్ము లేసింది, ఆ బెంగతోనే మా చిన్నాయన మంచం పట్టి సంక్రాంతి ముందర పోయినాడు. మన దిక్కు ఆడోళ్లు శవం దగ్గర ఎట్ల ఏడుస్తారో మీకు తెలుసు కదా, రాగం తీసి, పోయినోన్ని పిలిచి నిలదీస్తారు, నన్నెవరికి ఒప్పజెప్పి పోతివి కొడకా అని. మా అవ్వా అట్లే మొదలుపెట్టింది. వచ్చినోళ్లు ఊరుకోమ్మా, విశ్వాసులు ఇట్ల ఏడవకూడదు అన్నారు, మంచికే అన్నార్లే, కానీ ఆమె కొంగు నోట్లో కుక్కుకున్నది నాకు ఇంకా కండ్లల్లోనే ఉంది.

మూడో రోజు రాత్రి బైబిల్ తెచ్చి ఏదన్నా చదువు నాయనా అనింది, ఆమెకి చదువు రాదు. నేను ఏడో క్లాసు, చిన్నగా ఉందని 13 తీసినా. యెహోవా, ఎన్నాళ్లు నన్ను మర్చిపోతావు, ఎన్నాళ్లు మొగం తిప్పుకుంటావు అని ఆ కీర్తన పాడిన దావీదు అడగతాండాడు. అవ్వ లేసి కూర్చుని "ఇట్ల గూడా రాసినారా దాంట్లో?" అనింది. రాసినారవ్వా అన్నా. "ఐతే ఇంగోసారి చదువు."

కీర్తనల మూలభాష హెబ్రీలో ఆ "ఎంతవరకు" (ఎన్నాళ్లు) అనే మాట రెండు వచనాల్లో నాలుగుసార్లు వస్తుంది. 150 కీర్తనల్లో సుమారు మూడోవంతు ఇట్లాంటి మొరలే, యేసుప్రభువే సిలువ మీద 22వ కీర్తన మాటతో నన్నెందుకు చెయ్యి విడిచినావు అని అరిచినాడు, మరి మనమెందుకు అవ్వ నోరు మూయించాల? వినేవాడు ఉన్నాడని నమ్మినోళ్లే కదా నిలదీసేది. మొదటి వచనంలో ఒట్టి "యెహోవా" అన్న దావీదు మూడో వచనానికి "నా దేవా" అంటాడు చూడండి, కోపంలోనే దగ్గరికి జరిగినాడు.

ఐదో వచనం "నేనైతే" అని మొదలైతాది. శత్రువు పోయినాడని గానీ కష్టం తీరిందని గానీ ఎక్కడా రాసి లేదు, అయినా నీ కృపనే నమ్ముకున్నా అంటాడు. అందరూ అంత తొందరగా ఆడికి రాలేరు, 88వ కీర్తన చీకటిలోనే ముగిసిపోతుంది, అది కూడా మన బైబిల్లోదే, అది కూడా ప్రార్థనే. ఏడ్చే మనిషిని ఐదో వచనానికి లాక్కొచ్చే పని దయచేసి మనం పెట్టుకోవద్దు.

ఆ రాత్రి నాలుగు వచనాలు అయినాక నేను ఐదోది ఎత్తుకోబోతే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "చాల్లే నాయనా, అది ఇప్పుడొద్దు" అనింది. తర్వాత చాలా రాత్రులు ఆ నాలుగే చదివించుకుంది. మిగతాది చదువు అని తనంతట తనే అడిగేసరికి మళ్లా చెనిక్కాయలు విత్తే కాలం వచ్చింది, చాటలో ఇత్తనాలు ఏరుతా అడిగింది.