తీరంలో ఇల్లు: గాలికి వేరే బీమా కావాలా?

శ్రోతలకు నమస్కారం.

ఇళ్లకు, దుకాణాలకు జరిగిన నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్‌ని నేను. అక్టోబరు వచ్చి బంగాళాఖాతంలో ఏదో ఒక అల్పపీడనం పుట్టిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. ఈ మధ్య ఆ ఫోన్లలో ఒక కొత్త ప్రశ్న వినిపిస్తోంది. "మా అమ్మాయి వాళ్లు అమెరికాలో, టెక్సాస్ తీరంలో ఇల్లు కొన్నారండి. అక్కడ ఇంటికో బీమా, గాలికో బీమా, వరదకో బీమా కట్టాలంట. మనమూ సముద్రం పక్కనే ఉన్నాం కదండీ, మరి గాలికి వేరేగా కట్టొద్దా?" అని అమలాపురం నుంచి ఒక పెద్దాయన అడిగారు. ఆ తర్వాత అదే ప్రశ్న రాజోలు నుంచీ వచ్చింది, నరసాపురం నుంచీ వచ్చింది.

జవాబు ముందే చెప్పేస్తాను. అక్కర్లేదు. మన దేశంలో ఇంటికి ఉన్న నమూనా బీమా పాలసీ తీసుకుంటే గాలీ నీరూ రెండూ అందులోనే ఉంటాయి. కాకపోతే వాళ్లమ్మాయి చెప్పింది కూడా నిజమే. అక్కడి కథ వేరు.

టెక్సాస్‌ను 1970లో సీలియా అనే హరికేన్, అంటే అక్కడి తుపాను, చావగొట్టింది. ఆ దెబ్బతో తీరంలో గాలి బీమా రాయడానికి కంపెనీలు వెనకాడితే, మరుసటి ఏడాది అక్కడి శాసనసభ గాలికీ వడగళ్లకీ మాత్రమే బీమా ఇచ్చే సంస్థను వేరేగా ఏర్పాటు చేసింది. సముద్రం ఒడ్డున ఉన్న పద్నాలుగు కౌంటీలు (మన జిల్లాల లాంటివి), హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో కొంత భాగం దాని కిందికి వస్తాయి. గాల్వెస్టన్ లాంటి ఊళ్లలో మామూలు ఇంటి పాలసీ చాలావరకు గాలి నష్టాన్ని పక్కన పెట్టేస్తుంది. వరద సంగతికి 1968 నుంచి అక్కడి కేంద్ర ప్రభుత్వ పథకం ఉంది. ఇలా మూడు ముక్కలు కావడంతో పెద్ద పేచీ వచ్చిపడింది. 2005లో అదే తీరంలోని లూసియానా, మిసిసిపీ రాష్ట్రాల మీదికి కత్రినా హరికేన్ వచ్చి వెళ్లాక చాలా చోట్ల ఇంటికి పునాది మాత్రమే మిగిలింది. ఇల్లు గాలికి పోయిందా, నీటికి పోయిందా? గాలికైతే ఒక కంపెనీ ఇవ్వాలి, నీటికైతే ఇంకొకరు ఇవ్వాలి. ఆ తగువు కోర్టుల్లో ఏళ్ల తరబడి నడిచింది.

మనకు ఆ తగువు లేదు. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇంటి బీమాకు దేశమంతటా ఒకే నమూనా పాలసీ ఉంది, దాని పేరు భారత్ గృహ రక్ష. దాన్ని ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా షరతులు అవే. అందులో అగ్నిప్రమాదం, పిడుగు, భూకంపంతో పాటు గాలివాన, తుపాను, సునామీ, వరద, ముంపు అన్నీ పేరు పేరునా ఉన్నాయి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్లకు తెలుసు, గాలి ఎప్పుడు ఆగింది, నీళ్లు ఎప్పుడు వచ్చాయి అని గడియారం చూసి చెప్పే పరిస్థితి కాదది. కప్పు గాలి పట్టుకుపోతే గోడ నీటికి కూలింది. అలాంటి నష్టానికి ఇప్పుడు ఒకే పాలసీ, ఒకే క్లెయిము చాలు.

ఇక అసలు టెన్షన్ పడాల్సిన విషయాలకు వస్తాను.

మొదటిది, మీకు ఇంటి బీమా నిజంగా ఉందా? "బ్యాంకు వాళ్లు లోను ఇచ్చేటప్పుడే ఇన్సూరెన్స్ కట్ చేశారండి" అంటారు చాలామంది. ఆ కాగితం తీసి చూస్తే చాలాసార్లు అది అప్పు తీసుకున్న మనిషి ప్రాణానికి చేసిన బీమా. మనిషికి ఏదైనా అయితే లోను తీరుతుంది, అంతే. కప్పు ఎగిరిపోతే దాని నుంచి రూపాయి రాదు. ఇంకొందరికి ఇంటి పాలసీయే ఉంటుంది గానీ లోను ఎంతో అంతకే రాసి ఉంటుంది. పన్నెండు లక్షలు అప్పు తెచ్చి ముప్ఫై లక్షల ఇల్లు కట్టుకున్నవాడికి అదేం సరిపోతుంది? ఇవాళ ఇంటికి వెళ్లగానే బీరువాలోంచి ఆ కాగితం తీయండి. పాత రకం అగ్నిప్రమాద పాలసీ, అందులోనూ పదేళ్లకు రాయించుకున్నది అయితే ఇంకాస్త జాగ్రత్తగా చూడండి. ఆ రోజుల్లో ప్రీమియం తగ్గించుకోవడానికి గాలివాన, వరద భాగాన్ని తీసేయించుకునే వీలుండేది. కొంతమంది ఏజెంట్లు అడక్కుండానే ఆ పని చేసిపెట్టారు.

రెండోది, ఎంతకు రాయించాలి అన్నది. మన వైపు ఇంటి విలువ అడిగితే సెంటు ధరతో మొదలుపెడతారు. బీమాకు స్థలం విలువతో పనిలేదు. స్థలాన్ని తుపాను ఎత్తుకుపోదు కదా. ఇంటి లోపలి కార్పెట్ ఏరియా ఎంత, ఈ రోజున అలాంటి ఇల్లు కట్టడానికి చదరపు మీటరుకు ఎంత అవుతుంది, ఈ రెంటినీ గుణిస్తే వచ్చేదే బీమా మొత్తం. అది ఇరవై లక్షలు తేలిందనుకుందాం. అందులో ఇరవై శాతం, అంటే నాలుగు లక్షలు, ఇంట్లో సామాన్లకు దానంతట అదే వర్తిస్తుంది. సామాన్ల జాబితా కూడా అడగరు. ఈ సదుపాయం పది లక్షల దాకా ఉంటుంది. ఫ్రిజ్జు, మంచాలు, టీవీ ఇందులోకి వస్తాయి. బంగారానికి మాత్రం విలువ కట్టించి వేరేగా రాయించుకోవాలి. ప్రీమియం మామూలుగా లక్షకు పదుల రూపాయల లెక్కలోనే ఉంటుంది, పైన పద్దెనిమిది శాతం జీఎస్టీ. బైకుకు కట్టేదానికంటే ఇంటికి తక్కువ కట్టేవాళ్లున్నారంటే నమ్మరు.

కొబ్బరి చెట్టు ఇంటి మీద పడితే? కోనసీమలో ఈ ప్రశ్న అడగని ఊరు లేదు. వస్తుంది. బయటి వస్తువు ఏదైనా తగిలి ఇల్లు దెబ్బతింటే ఆ నష్టం పాలసీలో ఉంది, చెట్టు పడటం అనే మాట అందులోనే రాసి ఉంది. ప్రహరీ గోడ, గేటు, నీళ్ల ట్యాంకు, డాబా మీద సోలార్ పలకలు కూడా ఇంటి కిందే లెక్క. పడిన చెట్టు విలువ మాత్రం రాదు. కొబ్బరి చెట్లకు కొబ్బరి అభివృద్ధి మండలి, వ్యవసాయ బీమా సంస్థ కలిసి నడిపే పథకం వేరే ఉంది. వరి చేను, రొయ్యల చెరువు, పెరట్లో పెట్టిన కారు ఇవేవీ ఇంటి పాలసీలోకి రావు. ముందు గదిలో కిరాణా కొట్టు పెట్టుకున్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆ సరుకు ఇంటి సామాను కింద రాదు. చిన్న వ్యాపారాలకు భారత్ సూక్ష్మ ఉద్యమ సురక్ష అనే పాలసీ ఉంది, అది తీసుకోవాలి. గల్ఫ్‌కి వెళ్తూ ఇల్లు తాళం వేసే వాళ్లు ఆ సంగతి కంపెనీకి ముందే రాసి ఇచ్చి, రసీదు దగ్గర పెట్టుకుంటే మంచిది.

ఇప్పుడు ఎవరూ అడగని విషయం. నా లెక్కలో డెల్టా మనిషి గాలి కంటే ఎక్కువ దీని గురించే ఆలోచించాలి. పాలసీలో నేల కుంగడం అనే ప్రమాదం ఉంది. దాని కిందే మినహాయింపులు ఉన్నాయి. నది కోత, సముద్రపు కోత వల్ల జరిగిన నష్టం ఇవ్వరు. మెరక చేసిన నేల దిగబడినా ఇవ్వరు. ఈ రెండు వాక్యాలూ మన గురించే రాసినట్టుంటాయి. ఉప్పాడలో, అంతర్వేదిలో సముద్రం ఎలా ముందుకు వస్తోందో చూస్తున్నాం. లంకల్లో ఉన్నవాళ్లకు గోదారి కోత సంగతి నేను చెప్పక్కర్లేదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. అలాంటి వరదకు ఇల్లు మునిగి గోడలు పగిలితే అది ముంపు, పాలసీలో ఉంది. వరద తీశాక ఒడ్డు కొంచెం కొంచెంగా విరిగి, నెల తర్వాత ఇంటి మూల ఏట్లోకి జారితే అది కోత, పాలసీలో లేదు. ఇంటి యజమానికి రెండూ గోదారి చేసిన పనే. నా రిపోర్టులో మాత్రం ఒకదానికి డబ్బు వస్తుంది, రెండోదానికి రాదు. చెప్పడానికి నాకూ కష్టంగానే ఉంటుంది. చెరువు పూడ్చి, లారీల కొద్దీ మట్టి తోలి, ఆ వేసవిలోనే పునాది తీసి కట్టిన ఇళ్లు మన పట్నాల చుట్టూ బోలెడు. అవి కుంగి పగుళ్లిస్తే బీమా వైపు చూడకండి. మట్టి గట్టిపడేదాకా ఆగడం, పునాది ఇంజనీరుకు చూపించి వేయించడం తప్ప దారి లేదు.

కప్పు విషయం కూడా కాస్త చెప్పాలి. గాలి వేగం రెట్టింపైతే దాని ఒత్తిడి నాలుగింతలవుతుంది. అదీగాక గాలి కప్పును కిందికి అదమడం కంటే పైకి పీకడమే ఎక్కువ, ముందుగా చూరు దగ్గర, మూలల దగ్గర. రేకుల ఇంటికి ప్రాణం హుక్కు బోల్టుల్లో ఉంటుంది. ఉప్పు గాలికి అవి రబ్బరు వాషరు కింద, పైకి కనిపించకుండా తుప్పు పడతాయి. రేకు ఎగిరిన ఇంటికి వెళితే నేను ముందు విరిగిన బోల్టు చేతిలోకి తీసుకుంటాను. విరిగిన చోట ఉక్కు మెరుస్తుంటే అది తుపాను గాలికి విరిగింది. ఆ చోటంతా ఎర్రగా తుప్పు పట్టి, నడుమ సన్నటి పుల్లంత ఉక్కు మాత్రమే మెరుస్తుంటే, అది ఎప్పుడో సగం తెగిపోయి ఉన్నట్టు. అరుగుదల పేరు మీద పేచీలు వచ్చేది అక్కడే. వానాకాలం ముందు నిచ్చెన వేసుకుని మూలల్లో ఉన్న బోల్టులు మార్పించుకోండి. పెద్ద ఖర్చు కాదు. పెంకుటిళ్లవాళ్లు చూరు వెంబడి రెండు మూడు వరసల పెంకులు తీగతో కట్టించుకోవాలి. తుపాను తీరాల్లో చిన్న ఇళ్లు ఎలా కట్టాలో చెప్పే భారతీయ ప్రమాణం 2004 నుంచీ ఉంది. మేస్త్రీలకు చెప్పేవాళ్లే లేరు. తాటాకు కప్పు, వెదురు తడికలు ఉన్న ఇంటిని కంపెనీలు కచ్చా ఇల్లుగా లెక్కేస్తాయి. దరఖాస్తులో అలాగే రాయండి. డాబా అని రాసి తర్వాత తగువు పడొద్దు.

"ప్రభుత్వం ఇస్తుంది కదండీ" అనేవాళ్లూ ఉన్నారు. ఇస్తుంది. విపత్తు సహాయ నిధి 2022-26 నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే లక్షా ఇరవై వేలు. పక్కా ఇల్లు కొంత దెబ్బతింటే ఆరున్నర వేలు. ఆరున్నర వేలకు ఇవాళ ఎన్ని రేకులు వస్తాయో షాపులో అడగండి.

తుపానుకు పేరు పెట్టాక పాలసీ కోసం పరిగెత్తితే లాభం లేదు. టెక్సాస్ గాలి బీమా సంస్థ హరికేన్ అక్కడి మెక్సికో గల్ఫ్‌లోకి రాగానే కొత్త పాలసీలు ఆపేస్తుంది. ఇక్కడి కంపెనీలు కూడా ఆ టైములో రాయడానికి ఇష్టపడవు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ ముందు రెండు రోజులూ నాకు వచ్చిన ఫోన్లు నష్టాల గురించి కావు, "ఇప్పుడు కడితే పనికొస్తుందా" అని.

నష్టం జరిగితే వెంటనే కంపెనీకి ఫోన్ చేసి క్లెయిము నంబరు తీసుకోండి. నీళ్లు తోడేముందు గోడ మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో ఫోటో తీయండి. విరిగిన రేకులు, తడిసిన పరుపులు సర్వేయర్ చూసేదాకా పాతసామాన్ల బండికి వేయకండి. క్లెయిము ఫారం ముప్ఫై రోజుల్లోపు ఇచ్చేయాలి. కంపెనీ ఇచ్చిన జవాబు నచ్చకపోతే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అప్పటికీ తేలకపోతే హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్, అంటే బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి, ఉన్నారు. యాభై లక్షల దాకా తగువులు చూస్తారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. యానాం శ్రోతలు కూడా పుదుచ్చేరి వైపు చూడనక్కర్లేదు, వాళ్లకూ ఆ హైదరాబాదు ఆఫీసే.

సెలవు. నమస్కారం.