వాపా, బలుపా: అమెరికా ప్రైమరీల పోలింగ్ శాతం చదవడం ఎలా

స్క్రీన్ మీద రెండు అంకెలున్నాయి, చూడండి. 2008 మార్చి 4, టెక్సస్. డెమొక్రాటిక్ ప్రైమరీలో పడిన ఓట్లు 28.7 లక్షలు. అదే రోజు, అదే రాష్ట్రంలో, రిపబ్లికన్ ప్రైమరీలో పడినవి 13.6 లక్షలు. రెట్టింపు కంటే ఎక్కువ తేడా. ఈ రెండే చూసినవాళ్లెవరైనా నవంబరులో జరిగే అసలు ఎన్నికలో టెక్సస్ డెమొక్రాట్లదే అనేస్తారు. జరిగిందేమిటి? నవంబరులో టెక్సస్‌లో రిపబ్లికన్ అభ్యర్థి మెకెయిన్ దాదాపు 12 పాయింట్ల తేడాతో డెమొక్రాట్ ఒబామా మీద గెలిచారు.

వాపు చూసి బలుపనుకోవడం అంటే ఇదే. ఈ వీడియోలో ప్రైమరీ ఓట్ల లెక్క తీసుకుని, అందులో నిజమైన ఊపు ఎంత, మిగతాది ఎక్కడి నుంచి వచ్చింది అనేది ఒక షీటులో విడదీద్దాం. ఎక్సెల్ అయినా గూగుల్ షీట్స్ అయినా సరే, ఏడు కాలమ్‌లు చాలు.

ప్రైమరీ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. మన దగ్గర టికెట్ ఎవరికన్నది పార్టీ తేలుస్తుంది, బీ-ఫారం ఎవరి చేతికొస్తే వాళ్లే అభ్యర్థి. అమెరికాలో ఆ బీ-ఫారం ఎవరికివ్వాలో మామూలు ఓటర్లే ఓటేసి చెబుతారు. 2014 లోక్‌సభ ఎన్నికల ముందు కాంగ్రెస్ కొన్ని స్థానాల్లో ఇలాంటిది చేసి చూసింది కానీ అక్కడ ఓటేసింది పార్టీ మనుషులు, జనం కాదు.

ఇక షీటు. మొదటి కాలమ్ ఏడాది, రెండోది పార్టీ, మూడోది పడిన ఓట్లు, నాలుగోది హారం, అయిదోది శాతం. అయిదో దాంట్లో మూడును నాలుగుతో భాగించే సూత్రం పెట్టేయండి. 2008లో టెక్సస్ జాబితాలో ఉన్న ఓటర్లు సుమారు 1.275 కోట్లు. డెమొక్రాటిక్ వరసలో 22.5 శాతం వస్తుంది, రిపబ్లికన్ వరసలో 10.7. రెండూ కలిపితే 33 శాతం చిల్లర. అంటే ప్రతి ముగ్గురు ఓటర్లలో ఇద్దరు ఇంట్లోనే ఉన్నారు. టెక్సస్ ప్రైమరీకి అది చాలా పెద్ద పోలింగ్!

ఎక్కువమంది బోల్తా పడేది నాలుగో కాలమ్‌లో, హారం దగ్గర. కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

హారంగా మూడు అంకెల్లో ఏదైనా పెట్టొచ్చు. ఒకటి, జాబితాలో నమోదైన ఓటర్లు. రెండు, ఆ పార్టీ పేరుతో నమోదైనవాళ్లు. మూడు, ఓటు హక్కుకు అర్హులైన పౌరులు. ఒకే ఎన్నికకు ఈ మూడూ మూడు వేర్వేరు శాతాలిస్తాయి. దేన్ని వాడారో చెప్పకుండా శాతం చెప్పేవాళ్ల మాట నమ్మకండి.

టెక్సస్‌లో ఓటరుగా నమోదయ్యేటప్పుడు పార్టీ పేరు రాయరు. పోలింగ్ రోజున ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అక్కడే అడిగి తీసుకుంటారు. అందుకే అక్కడ ‘నమోదైన డెమొక్రాట్లు’ అనే అంకే ఉండదు. మేరీల్యాండ్, పెన్సిల్వేనియా, న్యూయార్క్, ఫ్లోరిడా లాంటి చోట్ల పద్ధతి వేరు. అక్కడ పార్టీ పేరుతో నమోదైనవాళ్లకే ఆ పార్టీ ప్రైమరీ. హారం చిన్నది కాబట్టి శాతం పెద్దగా కనపడుతుంది. పెన్సిల్వేనియా 30 శాతాన్ని తెచ్చి టెక్సస్ 15 శాతం పక్కన పెట్టి, అక్కడ ఊపు రెట్టింపు అనడం గజాన్నీ మీటరునూ పోల్చడం లాంటిది.

జాబితాలో ఇంకో చిక్కుంది. ఇల్లు మారిన ఓటరు పేరును వెంటనే కొట్టేయడానికి వీల్లేదు. 1993 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం ముందు నోటీసు పంపాలి. జవాబు రాకపోతే రెండు ఫెడరల్ సాధారణ ఎన్నికలు దాటేదాకా ఆగాలి. ఆలోపు ఆ పేర్లు టెక్సస్‌లో ‘సస్పెన్స్’ జాబితాలో ఉంటాయి. మొత్తం లెక్కలో వాటిని కలిపారా లేదా చూసుకోండి. కలిపితే హారం ఉబ్బుతుంది, శాతం తగ్గుతుంది. ముఖ్యంగా అపార్ట్‌మెంట్లు ఎక్కువున్న ప్రాంతాల్లో.

హారాన్ని ఉబ్బించే తప్పు ఇంకొకటుంది. జనగణనలో 18 ఏళ్లు దాటిన జనాభా తీసుకుని భాగించడం. డాలస్ పక్కన ఫ్రిస్కో, ఇర్వింగ్ లాంటి చోట్ల మనవాళ్లు చాలామంది హెచ్-1బీ మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్నారు. వాళ్లకు ఓటు లేదు. వాళ్లనూ హారంలో కలిపితే ‘ఇక్కడివాళ్లకు ఓటంటే పట్టదు’ అనే తీర్పు వస్తుంది. లేని ఓటు వేయలేదని నింద! అందుకే రాష్ట్రాలను పోల్చేటప్పుడు అర్హులైన పౌరుల సంఖ్యే వాడాలి. 2008లో రెండు పార్టీల అధ్యక్ష ప్రైమరీలకూ కలిపి దేశం మొత్తం మీద అర్హుల్లో 30.4 శాతం ఓటేశారని, 2016లో అది 28.5 శాతమని ప్యూ రీసెర్చ్ అనే పరిశోధన సంస్థ లెక్క కట్టింది. మీ రాష్ట్రం అంకెను ఈ రెండింటి పక్కన పెడితే ఒక అంచనా దొరుకుతుంది.

ఆరో కాలమ్: నియమం. ఓపెనా (టెక్సస్‌లా ఎవరైనా ఏ బ్యాలెట్ అయినా అడగొచ్చు), క్లోజ్డా (ఆ పార్టీలో నమోదైనవాళ్లకే), కాకసా (బ్యాలెట్ బదులు సభకు వెళ్లి చెప్పడం), పోస్టులోనా? అంకె కాదు, మాటల్లో రాయండి.

ఎందుకో కొలరాడో చెబుతుంది. 2016లో అక్కడ డెమొక్రాట్లు కాకస్ పెట్టారు, వచ్చినవాళ్లు సుమారు 1.2 లక్షలు. 2020లో ప్రైమరీ పెట్టారు, పడిన ఓట్లు 9.6 లక్షలు. నాలుగేళ్లలో ఊపు ఎనిమిది రెట్లు పెరిగిందా? లేదు. కాకస్ అంటే చెప్పిన టైముకు, చెప్పిన చోటికి వెళ్లి, గంటల తరబడి కూర్చోవాలి. రాత్రి షిఫ్టు ఉన్నవాళ్లకు, చంటిపిల్లల తల్లులకు కుదరదు. 2020 నాటికి బ్యాలెట్ ఇంటికే పోస్టులో వచ్చింది, ఏ పార్టీలోనూ నమోదు కానివాళ్లకు కూడా. వాళ్లకైతే రెండు పార్టీల బ్యాలెట్లూ వస్తాయి, ఒకటే తిప్పి పంపాలి. రెండూ పంపితే రెండూ చెల్లవు. కాకస్ నుంచి ప్రైమరీకి మారిన ఏడాది పెరుగుదలను ఊపు లెక్కలోంచి పూర్తిగా తీసేయండి. సగం తగ్గించి వాడదాం లాంటి రాజీలు వద్దు.

అయోవా రిపబ్లికన్ కాకస్ ఇంకో రకం. 2016లో 1.87 లక్షల మంది వచ్చారు, 2024లో 1.1 లక్షలు. నియమం మారలేదు. కానీ 2024 జనవరి 15 అయోవా కాకస్‌ల చరిత్రలోనే అత్యంత చలి రోజు. పైగా ట్రంప్ గెలుపు ఖాయమని అందరికీ ముందే తెలుసు, 51 శాతంతో గెలిచారు కూడా. చలి వాటా ఎంత, ఏకపక్షం వాటా ఎంత అనేది ఈ అంకెలతో తేలదు. ‘ఉత్సాహం 40 శాతం పడిపోయింది’ అని శీర్షిక పెట్టేవాళ్లు చలికోటు వేసుకోకుండా మాట్లాడుతున్నట్టే.

ఏడో కాలమ్: పోటీ. ఆ రోజు ఆ పార్టీలో నిజంగా తేలాల్సింది ఏమైనా ఉందా? ఇప్పుడు మన 2008 చిక్కుముడి విప్పొచ్చు. మార్చి 4 నాటికి డెమొక్రాట్లలో ఒబామా, హిల్లరీ క్లింటన్ నువ్వా నేనా అన్నట్టున్నారు. రిపబ్లికన్లలో మెకెయిన్ గెలుపు దాదాపు ఖాయమైపోయింది, టికెట్‌కు కావాల్సినంత మంది డెలిగేట్లను (అభ్యర్థిని ఎన్నుకునే పార్టీ ప్రతినిధులను) ఆ రాత్రే దాటేశారు. తేలిపోయిన పెళ్లికి బాజాలెందుకని రిపబ్లికన్లు చాలామంది ఇంట్లో ఉండిపోయారు. ఓపెన్ పద్ధతి కాబట్టి కొందరు అటు వెళ్లి ఓటేశారు. అలా వెళ్లి క్లింటన్‌కు వేయమని రిపబ్లికన్ల వైపు మాట్లాడే రేడియో వ్యాఖ్యాత రష్ లింబా బాహాటంగానే చెప్పారు. కాబట్టి 28.7 లక్షలు చెబుతున్నది పోటీ ఎంత గట్టిగా ఉందో. టెక్సస్‌లో డెమొక్రాట్ల బలం ఎంతో కాదు.

మరి ఊపు ఎక్కడ కనపడుతుంది? ఒక పార్టీని ఎదుటి పార్టీతో కాకుండా, అదే పార్టీ పాత అంకెతో పోల్చినప్పుడు. అదీ అదే రకం ఎన్నికతో: అధ్యక్ష ఎన్నికల ఏడాదిని అధ్యక్ష ఎన్నికల ఏడాదితో, మధ్యంతరాన్ని (అధ్యక్షుడి నాలుగేళ్ల పదవి మధ్యలో జరిగే ఎన్నికను) మధ్యంతరంతో.

2018 టెక్సస్ తీసుకోండి. రిపబ్లికన్ ప్రైమరీలో 15.5 లక్షలు, డెమొక్రాటిక్‌లో 10.4 లక్షలు. పార్టీలను ఎదురెదురుగా పెడితే 60-40, రిపబ్లికన్ల హవా. ఇప్పుడు 2014 వరసలు కలపండి: రిపబ్లికన్ 13.6 లక్షలు, డెమొక్రాటిక్ 5.6 లక్షలు. నాలుగేళ్లలో రిపబ్లికన్లు 14 శాతం పెరిగారు, డెమొక్రాట్లు 86 శాతం. నవంబరులో? 2014 సెనేట్ పోటీలో రిపబ్లికన్ కార్నిన్ 27 పాయింట్ల తేడాతో గెలిస్తే, 2018లో అదే పార్టీ క్రూజ్ 2.6 పాయింట్లతో బయటపడ్డారు. తేడా ఎటు కరుగుతోందో మార్చిలోనే కనపడింది. ఎవరు గెలుస్తారన్నది మాత్రం అప్పుడూ కనపడలేదు. ఈ పద్ధతి దిశ చెబుతుంది, గమ్యం చెప్పదు. పాత ఏడాదితో తేడా లెక్కేసేటప్పుడు ఏడో కాలమ్ కూడా చదవండి. పాత ఏడాదిలో ఆ పార్టీకి పెద్ద పోటీలేవీ లేకపోతే, తక్కువ అంకె మీద లెక్క కట్టిన 86 శాతం కొంచెం ఉబ్బుతుంది.

ఎంతమంది వచ్చారన్నది అయ్యాక, ఎవరు వచ్చారన్నది చూడాలి. ఎవరికి ఓటేశారన్నది రహస్యం, ఓటేశారా లేదా అన్నది కాదు. టెక్సస్‌లో ఎర్లీ ఓటింగ్ (పోలింగ్ రోజుకు ముందే ఓటేసే వీలు) జరిగే రోజుల్లో ఏ రోజు ఎవరు ఓటేశారో, ఏ పార్టీ బ్యాలెట్ తీసుకున్నారో రోస్టరులో, అంటే ఓటేసినవాళ్ల జాబితాలో దొరుకుతుంది. దాన్ని పాత ప్రైమరీల రోస్టర్లతో ఓటరు ఐడీ ద్వారా జత చేయండి. పేరుతో జత చేయొద్దు. రెడ్డి, రావు, పటేల్, గార్సియా ఇంటిపేర్లున్న కౌంటీలో పేరుతో జత చేస్తే ఒకరి ఓటు ఇంకొకరి ఖాతాలో పడుతుంది. గత నాలుగు ప్రైమరీల్లో ఒక్కసారీ కనపడనివాళ్లు ఈసారి ఎంత శాతం ఉన్నారో చూడండి. అసలు ఊపు కొలిచే కొలబద్ద అదే. ప్రతిసారీ వచ్చేవాళ్లే ఈసారి మొదటి రోజే వచ్చేస్తే, అది పోలింగ్ రోజున పడాల్సిన ఓటు ముందుకు జరగడమే. ఎర్లీ ఓటింగ్ మొదటి రోజు అంకె చూసి రికార్డు అని అరిచేవాళ్లు తప్పుతోవ పట్టేది ఇక్కడే.

ఎవరు మళ్లీ వస్తారన్నది ఎంత ముఖ్యమో రనాఫ్ చెప్పినంత బాగా ఇంకేదీ చెప్పదు. టెక్సస్‌లో ఎవరికీ సగం దాటకపోతే మొదటి ఇద్దరి మధ్య రనాఫ్, మామూలుగా మే చివర్లో. 2012లో నియోజకవర్గాల హద్దుల మీద కోర్టు గొడవల వల్ల ప్రైమరీ మే 29కి, రనాఫ్ జులై 31కి జరిగాయి. మండుటెండలో ఎన్నిక. రిపబ్లికన్ సెనేట్ టికెట్‌కు మొదటి రౌండులో డ్యూహర్స్ట్‌కు 6.28 లక్షలు, క్రూజ్‌కు 4.81 లక్షలు, మిగతావాళ్లందరికీ కలిపి 3 లక్షల దాకా వచ్చాయి. రనాఫ్‌లో మొత్తం ఓట్లు 14 లక్షల నుంచి 11 లక్షలకు పడిపోయాయి. ఓట్లు తగ్గితే ఇద్దరికీ తగ్గాలి కదా? క్రూజ్‌కు 6.32 లక్షలు, డ్యూహర్స్ట్‌కు 4.80 లక్షలు. అంకెలు దాదాపు అద్దంలో తిరగబడ్డాయి! మొదటి రౌండులో ముందున్న మనిషికి పడిన ఓట్లలో లక్షన్నర దాకా రెండోసారి కనపడలేదు. పోలింగ్ శాతం తగ్గిందని చదివినప్పుడల్లా, ఎవరి వైపు తగ్గింది అని అడగాలి.

చిన్న పదవుల దగ్గర ఈ లెక్క ఇంకా పదునెక్కుతుంది. ఒక నియోజకవర్గంలో లక్ష మంది ఓటర్లు, నవంబరులో 60 వేలు, పార్టీ ప్రైమరీలో 9 వేలు పోలవుతాయనుకుందాం. అక్కడ తెలుగు ఓటర్లు 400 మంది ఉంటే నవంబరులో వాళ్ల వాటా ముప్పాతిక శాతం కూడా లేదు, ప్రైమరీలో నాలుగున్నర శాతం దగ్గర. నలుగురు పోటీ పడుతుంటే అది గెలుపోటముల తేడా కావచ్చు. 2025 జూన్‌లో వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్ (గవర్నరు తర్వాతి పదవి) డెమొక్రాటిక్ ప్రైమరీలో ఆరుగురు నిలబడ్డారు. హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హాష్మీ 27 శాతం చిల్లరతో గెలిచారు, రెండో స్థానానికి తేడా ఒక్క శాతం లోపే. అక్కడ రనాఫ్ లేదు కాబట్టి సరిపోయింది. అదే టెక్సస్ అయితే ఇంకో రెండున్నర నెలలకు పైగా తిరగాల్సి వచ్చేది.

ఆ 400లో ఎంతమంది నిజంగా బూత్ దాకా చేరతారో తేల్చేవి కొన్ని చిన్న విషయాలు. టెక్సస్‌లో పోలింగ్‌కు 30 రోజుల ముందే నమోదు కావాలి. ఆ తర్వాత పౌరసత్వ ప్రమాణం చేసినవాళ్లకు ఆ ప్రైమరీ దాటిపోయినట్టే. గ్రీన్ కార్డు వాళ్లు లైసెన్సు ఆఫీసులో ఇచ్చే ఫారంలో ఓటరు నమోదు గడి పొరపాటున కూడా టిక్ చేయకూడదు, పౌరసత్వానికే ఎసరొస్తుంది. మార్చిలో ఒక పార్టీ ప్రైమరీలో ఓటేస్తే మే రనాఫ్‌లో రెండో పార్టీకి మారడానికి లేదు. మార్చిలో ఎక్కడా వేయనివాళ్లు మాత్రం ఏదో ఒక రనాఫ్ ఎంచుకోవచ్చు.

ఇక పేరు. లైసెన్సు మీద మొదటి పేరు వెంకట, మధ్యపేరు సత్యనారాయణ. ఓటరు జాబితాలో వెంకట పక్కన ఒట్టి ఎస్ అక్షరం. బూత్‌లో ఇలా కనపడితే మనవాళ్లు కంగారుపడి వెనక్కొచ్చేస్తారు. అక్కర్లేదు. పేర్లు దగ్గరగా పోలితే ఒక గడిలో పొడి అక్షరాలు వేయమంటారు, వేసి లోపలికి వెళ్లడమే. లైసెన్సు లేకపోతే అమెరికా పాస్‌పోర్టు చెల్లుతుంది. ఆ తర్వాత ఏ పార్టీ బ్యాలెట్ అని అడుగుతారు. పక్కనున్న తెలిసినవాళ్లకు వినపడుతుందని మొహమాటపడి గొణక్కండి, గట్టిగా చెప్పి సరైన బ్యాలెట్టే తీసుకోండి. ఆ వివరం ఎలాగూ రోస్టరులోకి ఎక్కుతుంది.