గ్రాండ్ క్యాన్యన్ అంటే తలకిందుల తిరుమల

అందరికీ నమస్కారం. అమెరికాలోని గ్రాండ్ క్యాన్యన్ లోయకు దక్షిణపు అంచు, అంటే సౌత్ రిమ్ దగ్గర మనవాళ్ల నోట ఒక మాట తరచూ వింటున్నాను. "తిరుమల మెట్లే ఎక్కాం, ఇదెంత? మైలున్నరే కదా!" అది విన్నప్పుడల్లా నాకు టెన్షన్ వచ్చేస్తుంది. ఈ వీడియో అందుకే.

సరే, తిరుమల లెక్కలోనే చూద్దాం. అలిపిరి నుంచి 3,550 మెట్లు. అక్కడ కష్టం ముందే ఎదురవుతుంది. గాలిగోపురం చేరేసరికి మన సత్తా ఎంతో మనకే తెలిసిపోతుంది. ఓపిక లేకపోతే వెనక్కి తిరిగితే చాలు, ఇక అంతా దిగడమే. పైదాకా వెళ్తే కిందికి బస్సు ఉంది.

ఇప్పుడు ఆ కొండను తలకిందులు చేయండి.

(స్క్రీన్ మీద: బొమ్మ తిరగబడుతుంది)

అంచు నుంచి లోయలోకి దిగే కాలిబాట బ్రైట్ ఏంజెల్ ట్రెయిల్. అది మొదలయ్యే చోటు ఎత్తు 6,860 అడుగులు. కింద కొలరాడో నది దగ్గర సుమారు 2,400. పొద్దున చల్లగా ఉంటుంది, కాళ్లు వాటంతటవే దిగిపోతాయి. అలసట తెలిసేసరికి కొండంతా నెత్తి మీద ఉంటుంది. బస్సు లేదు. తిరుగుదారి మొత్తం మోకాళ్ల పర్వతమే, అదీ ఎండ ముదిరాక.

అందుకే మైళ్లు లెక్కపెట్టకండి, గడియారం చూడండి. దిగడానికి గంట పడితే ఎక్కడానికి రెండు గంటలు పెట్టుకోవాలి. ఈ దారిలో మైలున్నర దూరంలో ఉన్న రెస్ట్‌హౌస్‌కే 1,100 అడుగులకు పైగా దిగిపోతారు. పిల్లలతోనో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతోనో వెళ్తే అక్కడి నుంచే వెనక్కి రండి. నాకైతే అదే నిండైన రోజు. ఒక్కరోజులో నది దాకా వెళ్లి రావద్దని పార్క్ వాళ్లు బోర్డులు పెట్టి మరీ చెబుతారు.

ఇక వేడి. మామూలుగా కొండెక్కితే చల్లబడుతుంది కదా, ఇక్కడ దిగేకొద్దీ కాలుతుంది. వేసవిలో లోపల నీడలోనే వంద ఫారెన్‌హీట్ దాటుతుంది. ఆ రోజుల్లో ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా నడవకూడదు.

ఓసారి మా బావగారు "నాకసలు చెమటే పట్టలేదు" అన్నారు. బ్యాగు దించాక చూస్తే నల్ల టీషర్ట్ మీద, పట్టీలు ఆనిన చోటల్లా తెల్లటి ఉప్పు చారలు. విజయవాడ ఎండలో చెమట కారి కనబడుతుంది. ఇక్కడి పొడిగాలికి పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, ఉప్పు మాత్రం చొక్కా మీద మిగులుతుంది. అలా ఉప్పు పోతున్నప్పుడు ఉత్త నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, ఆ తర్వాత తికమక. చూసేవాళ్లు వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు పట్టిస్తారు! అందుకే తాగుతూ తినాలి. దీనికి పులిహోరను మించింది నాకు కనబడలేదు. ఉప్పుంది, పులుపుంది, వేరుశనగపప్పు ఉంది, వేడిలో నోటికి సహిస్తుంది. జంతికలు కూడా పెట్టుకోండి.

చొక్కా మాత్రం కాటన్‌దే. ట్రెక్కింగ్‌కి కాటన్ వద్దంటారు, అది చలి ప్రాంతాల మాట. ఇక్కడ కుళాయి కనిపిస్తే చొక్కా, టోపీ తడిపేసుకోండి. అది ఆరుతున్నంతసేపూ ఒళ్లు చల్లబడుతుంది. కానీ కుళాయిలను నమ్ముకుని దిగొద్దు. పైప్‌లైన్ పాతది, పగులుతుంటుంది. ఏ రోజుకారోజు నీళ్లు వస్తున్నాయో లేదో అడగండి. లోయలోకి దిగే ఇంకో దారి, సౌత్ కైబాబ్ ట్రెయిల్‌లో అయితే దారిలో చుక్క నీళ్లుండవు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. కంచరగాడిదలు ఎదురొస్తే కొండవైపు గోడకు ఆనుకుని నిలబడండి, లోయ అంచున వద్దు. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఉరుములు వినిపిస్తే అంచు దగ్గర ఉండకండి. పేజ్ అనే ఊరి దగ్గరి యాంటెలోప్ లాంటి ఇరుకు క్యాన్యన్‌కి వెళ్తే ఎగువన వాన ఉందేమో కనుక్కోండి. 1997 ఆగస్టులో మైళ్ల అవతల కురిసిన వానకు అక్కడ వరదొచ్చి 11 మంది చనిపోయారు.

హెడ్‌ల్యాంప్ ఒకటి బ్యాగులో పడేయండి. పులిహోర రాత్రే కలిపేసుకుని, అలారం నాలుగింటికి పెట్టుకోండి.