చలికాలపు ఉప్పు నుంచి పాత కారును కాపాడుకోవడం

నమస్కారం. మిషిగన్‌లోనో, ఒంటారియోలోనో, ఇంగ్లండ్‌లోనో స్థిరపడి, ఎంతో ముచ్చటపడి ఒక పాత కారును కొనుక్కున్న మన తెలుగువారిని నవంబరు రాగానే ఒక సందేహం పట్టి పీడిస్తుంది. ఈ కారును మంచుకాలంలో బయటికి తీయవచ్చా, లేక ఏప్రిల్ వరకు మూసి ఉంచవలసిందేనా? తీయవచ్చుననే నా అభిప్రాయం. అయితే దానికి కావలసిన పని మంచు పడకముందే పూర్తి కావాలి.

కారుకు చేటు చేసేది మంచు కాదు, దాన్ని కరిగించడానికి రోడ్లపై చల్లే ఉప్పు. డెట్రాయిట్ నగరం కింద, వెయ్యి అడుగులకు పైగా లోతున, రోడ్ల కోసమే ఉప్పును తవ్వితీసే గని ఉందంటే దాని వాడకం ఏ స్థాయిలో ఉందో ఊహించుకోవచ్చు. ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. ఆ నీటిలో ఉప్పు కరిగితే విద్యుత్తు సులువుగా ప్రవహించి ఆ చర్య ఎన్నో రెట్లు వేగం పుంజుకుంటుంది. వానాకాలంలో మన వంటింటి ఉప్పు చెమ్మెక్కి ముద్దకట్టినట్టే, కారు అడుగున అంటుకున్న ఉప్పు కూడా గాలిలో తేమ 75 శాతం దాటితే తనంతట తానే నీరవుతుంది. తీవ్రమైన చలికి వాడే కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ లవణాలకైతే అందులో సగం తేమ కూడా అక్కరలేదు. అందుకే పైకి పొడిగా కనిపించే కారు కూడా అడుగున తడిగానే ఉంటుంది.

1962 నుంచి 1980 వరకు తయారైన ఎంజీబీ అనే బ్రిటిష్ కారును ఉదాహరణగా తీసుకుందాం. దీనికి విడిగా చాసిస్ లేదు, బాడీయే బరువంతా మోస్తుంది. ఆ బరువులో పెద్ద వాటా తలుపుల కింద పొడవునా ఉండే సిల్ అనే బోలు పెట్టెపై పడుతుంది. ముందు చక్రం ఎగజిమ్మిన బురద, మడ్‌గార్డు లోపల వెనుక వైపు ఉండే రేకు పలకను తాకుతుంది. ఆ పలక అంచున ఉన్న రబ్బరు పట్టీ కాలక్రమంలో ఎండి చిట్లిపోతే, ఉప్పు కలిసిన బురద దాని వెనక్కి చేరి పిడచకట్టి నెలల తరబడి తడిగా ఉండిపోతుంది. చేయి పెట్టి తవ్వితే నల్లటి మట్టితోపాటు తుప్పు పెళ్లలు కూడా ఊడివస్తాయి. మడ్‌గార్డు కింది అంచు, సిల్ ముందు కొస సాధారణంగా అక్కడి నుంచే తినేయబడతాయి. పైన పెయింటు మీద చిన్న బుడగ కనిపించేసరికి లోపల రేకు దాదాపుగా మిగలదు.

కాబట్టి రక్షణ కూడా లోపలి నుంచే మొదలుకావాలి. 1959లో డెట్రాయిట్‌లో కర్ట్ జీబార్ట్ అనే మెకానిక్ తుప్పు నివారణ వ్యాపారం ప్రారంభించాడు. బాడీలోని బోలు భాగాల్లోకి రక్షక ద్రవాన్ని పిచికారీ చేసే ఆ మార్గమే నేటికీ సరైనది. సెప్టెంబరులో, ఇంకా ఎండ ఉండగానే, కారు అడుగును శుభ్రంగా కడిగి, కొన్ని రోజులపాటు పూర్తిగా ఆరనిచ్చి, ఆ తరువాత పొడవాటి సన్నని గొట్టంతో సిల్‌లలోకీ తలుపుల లోపలికీ మైనపు ద్రవాన్ని గానీ, గొర్రె ఉన్ని నుంచి తీసే లానొలిన్ కలిసిన నూనెను గానీ కొట్టించాలి. బ్రేకు డిస్కులపై, ఎగ్జాస్టు గొట్టంపై అది పడకుండా ముందే కప్పి ఉంచాలి. తలుపుల అడుగున, సిల్‌ల కింద ఉండే నీరు పోయే రంధ్రాలు మూసుకుపోకుండా ఒక తీగతో పొడిచి చూసుకోవాలి.

పాత తుప్పుపైనే గట్టిపడే నల్లటి రబ్బరు పూత వేయించడాన్ని మాత్రం నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. అది చిట్లిన చోట ఉప్పునీరు లోపలికి దూరి, బయటికి రాలేక, ఎవరికీ కనిపించకుండా రేకును తినేస్తుంది. మెత్తగా ఉండే మైనమైతే ఏటా మళ్ళీ పూయించాలి, చేతికి అంటుకుంటుంది, అందం కూడా ఉండదు. అయినా నా ఓటు దానికే.

చలికాలంలో కారును నడిపిన తరువాత ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలు దాటిన మొదటి రోజునే అడుగు భాగాన్ని ధారాళమైన నీటితో, ఎక్కువ ఒత్తిడి లేకుండా కడగాలి. వాడిన నీటినే తిరిగి చిమ్మే కార్‌వాష్‌లకు పోకపోవడం మేలు. ఎందుకంటే ఆ నీటిలోనూ ఇతర కార్ల ఉప్పు ఉండవచ్చు. ఇక అందరూ ప్రేమతోనే చేసే పొరపాటు ఒకటుంది. మంచుతో నిండిన కారును తెచ్చి హీటరున్న గ్యారేజీలో పెడతారు. బయట గడ్డకట్టే చలిలో తుప్పు చాలా నెమ్మదిగా సాగుతుంది. వెచ్చని గదిలో మంచు కరిగి, ఉప్పునీరు అతుకుల్లోకి పాకి, రాత్రంతా ఆ పని వేగంగా జరుగుతుంది. చల్లగా, పొడిగా, గాలి ఆడే షెడ్డే దానికి మంచి చోటు. ప్లాస్టిక్ పట్టా కప్పితే తేమ లోపలే నిలిచిపోతుంది కాబట్టి గాలి ఆడే గుడ్డ కవరే వాడాలి.

వసంతంలో మంచి వానలు పడి రోడ్లపై ఉప్పు కొట్టుకుపోయాక, కాళ్ళ దగ్గరి కార్పెట్లు ఎత్తి నేల రేకును వేలితో నొక్కి చూడండి, బ్రేకు నూనె గొట్టాలను చివరి వరకూ తడిమి చూడండి. ఎంజీబీ అయితే తలుపులు మూసి, జాకీతో ఒక పక్క ఎత్తినప్పుడు తలుపు చుట్టూ ఉన్న సందు తగ్గుతోందేమో గమనించండి. తగ్గితే సిల్ బలహీనపడినట్లే లెక్క. అటువంటి కారుపై మైనం కొట్టించి ప్రయోజనం లేదు, ముందు వెల్డింగు పని తెలిసిన వారికి చూపించాలి.